గువ్వ కూర వండిన మామ్మ

మామ్మ పోయి నెల తిరగలేదు, అప్పుడే ఆవిడ పరలోకానికి వెళ్ళిందా నరకానికి వెళ్ళిందా అని మా పేటలో పంచాయితీ మొదలైంది. గుడి అరుగు మీద ఇదే మాట, కాలవ రేవులో ఇదే మాట. నేను బడిపంతులుని, నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి కాబట్టి, నాకేదో తెలిసుంటుందని ఇంటికొచ్చి మరీ అడుగుతున్నారు. ప్రభువు బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం ముట్టకుండా పోయింది కదండీ, అలాంటివాళ్ళ గతి ఏంటండీ అని. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఎదురుపడి ఒక్క మాట అనడానికి నోరు రానివాళ్ళు, ఇప్పుడు ఆవిడ ఆత్మ గురించి తెగ బెంగపడిపోతున్నారు. ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. ఎక్కడికి వెళ్ళినా అక్కడివాళ్ళని మాత్రం కుదురుగా కూర్చోనివ్వదు. అంతవరకు నేను ప్రమాణం చేసి చెప్పగలను.

పేరు రాయను. ఆవిడకి గ్రామదేవత పేరు పెట్టారు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దొరగారు, అంటే అప్పటి మిషను పాదిరిగారు, ఆ పేరు మార్చుకుని బైబిల్లో పేరేదైనా పెట్టుకోమన్నారట. మా అమ్మ మొక్కుకుని పెట్టిన పేరండీ, దేవుడికి నాతో పనుంటే ఆ పేరు పెట్టే పిలవమనండి, ఇన్నాళ్ళూ నేనెవరో ఆయనకి తెలియకపోయిందా అన్నదట. దొరగారు నవ్వి ఆ పేరుతోనే నీళ్ళు పోశారు. పేరు కాగితం మీదికెక్కితే ఎవడో ఒకడు తప్పు పట్టకమానడని ఆవిడ నమ్మకం. రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. పేటలో అందరికీ మామ్మే. మాకూ మామ్మే. చుట్టరికమేమీ లేదు, పక్క గుడిసె, అంతే.

మనిషి పొట్టి. చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఊడుపుల్లో ఆడవాళ్ళ ముఠాని నడిపించేది. నోట్లో నిప్పు ఉండగానే పాట పాడేది, తిట్టేది, వరస వంకర పోతే ఆ పిల్ల వీపు మీద ఒక్కటి వేసేది. గుడి గుమ్మం దగ్గర చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకునేది. ఆరాధన అయ్యేదాకా అది అక్కడే ఉండేది. ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు ఎన్నిసార్లు గుర్రుగా చూసినా తీసేది కాదు. పిల్లదనంలో ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళు మోసిందట. ఈ కాలవల్లో పారే ప్రతి చుక్కలోనూ నా చెమట ఉంది పంతులూ, అందుకే ఈ నీళ్ళు అంత ఉప్పగా ఉంటాయి అనేది. అవి ఉప్పగా ఉండవు. ఆ సంగతి చెబితే, ఎవరన్నారా మాట అని తగువుకొచ్చేది.

ప్రార్థనప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటే ఆవిడ ఒక్కతే తెరుచుకుని పైకప్పు కేసి చూసేది. మాట్లాడేవాడి మొహం చూడకుండా మాట్లాడితే అదేం మర్యాద అనేది. కరణంగారిని తమరు అనే మనిషి దేవుణ్ణి మాత్రం నువ్వు అనేది. ఒకసారి నిండు గుడిలో లేచి, ఊడుపులు సగంలో ఉన్నాయి, కాలవకి నీళ్ళు కట్టేశారు, తూములు చూసే లస్కరు మా మాట వినడం లేదు, నువ్వైనా చెప్పి చూడు, విన్నావా అని కూర్చుంది. అందరం ఆమేన్ అన్నాం. నవ్వు ఆపుకోలేక పిల్లలు బయటికి పరిగెత్తారు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీని మీదే కదా ఇప్పుడు పంచాయితీ.

చాన్నాళ్ళ కిందట మా మొదటివాడు జ్వరంతో పోయాడు. ఇంకా నడక సరిగ్గా రాలేదు వాడికి. బాప్తిస్మం అయిన పిల్లాడు కాబట్టి గుడి వెనక స్థలంలో సమాధి చేశాం, ఉపదేశిగారు ప్రార్థన చేశారు. పట్నంలో ఉండే దొరగారి తరఫున మా పేటకి మంచికీ చెడ్డకీ ఈ ఉపదేశిగారే పెద్ద. అక్కడితో అయిపోవాలి. కానీ మా ఆవిడ పుట్టింటివాళ్ళు అప్పటికింకా పాత ఆచారాల్లోనే ఉన్నారు. పోయినవాళ్ళకి మూడోనాడు అన్నం పెట్టి కాకి కోసం చూడటం వాళ్ళకి అలవాటు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా ఉన్నట్టు. నిజానికి పసివాళ్ళకి అలా పెట్టే ఆచారం వాళ్ళలోనూ లేదు. అయినా ఆ తల్లి మనసు ఊరుకుంటుందా? నాకు చెప్పకుండా, వాడికిష్టమని పాలన్నం కలిపి, ఆకులో పెట్టి, సమాధి దగ్గర ఉంచి ఎదురుచూసింది.

కాకి రాలేదు. ఒక గువ్వ వచ్చి వాలి ఆ మెతుకులు పొడవడం మొదలెట్టింది. ఇది తినేస్తే కాకికి మిగలదని, పిల్లాడు ఆకలితో ఉండిపోతాడని, ఈవిడ మట్టిగడ్డ తీసి విసిరింది. తరుముదామనే విసిరింది పాపం. అది తగిలి గువ్వ అక్కడే తల వాల్చేసింది.

ఆ వచ్చిన ఆదివారం ఉపదేశిగారు చదివిన భాగం ఏదో తెలుసా? మనుషులు చేసే ప్రతి పాపానికీ క్షమాపణ ఉంది, పరిశుద్ధాత్మకి విరోధంగా చేసిన దూషణకి మాత్రం ఈ లోకంలోనూ లేదు, రాబోయే లోకంలోనూ లేదు, అదే. గోడకి దొరగారిచ్చిన రంగుల పటం వేలాడుతోంది. ప్రభువు నదిలో నిలబడి ఉంటే పైనుంచి ఆత్మ పావురం రూపంలో దిగుతున్న పటం. మా ఆవిడ ఆ పటం కేసి చూసింది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించలేదు.

ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి చెప్పింది, దేవుడు నా దగ్గరికే వచ్చాడు, పిల్లాడి అన్నంలో వాలాడు, నేను కొట్టి చంపేశాను అని. నేను నవ్వబోయి ఆ మొహం చూసి మానుకున్నాను. పటంలోది తెల్ల పావురం, నువ్వు కొట్టింది బూడిదరంగు గువ్వ, పొలాల్లో ఎన్ని లేవు అని నా చదువంతా ఉపయోగించి చెప్పాను. ఆవిడ తాపీగా అంది: "ఆ పటం గీసినవాళ్ళ దేశంలో అన్నీ తెల్లగానే ఉంటాయేమోనండీ. మన దగ్గరికి వచ్చేటప్పుడు మన రంగులోనే వస్తాడు కదా."



అన్నం మానేసింది. బలవంతం చేస్తే గంజి నాలుగు గుక్కలు తాగేది, అదీ కక్కేసేది. క్షమాపణ లేనిదానికి తిండి దండగ అనేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. పిల్లాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాను, ఇప్పుడు ఈవిడ కూడా నా కళ్ళముందే కరిగిపోతోంది. ఉపదేశిగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. నీ పాపం క్షమించబడిందమ్మా అని ఒక్క మాట చెప్పండి, మీ మాట వింటుంది అని. ఆయన చెడ్డవాడు కాదు. కానీ కాకికి అన్నం పెట్టడం విని బెదిరిపోయాడు. ఈవిడని పోనీలే అని వదిలేస్తే రేపు పేట మొత్తం సమాధుల మీద అన్నాలు పెడుతుందని ఆయన భయం. పాత దారి తొక్కింది కాబట్టే ఆత్మని గాయపరిచింది, ఇది చిన్న విషయం కాదు, దొరగారు పడవలో వచ్చినప్పుడు విచారించి చెబుతారు అన్నాడు. దొరగారు వచ్చేది వానలు వెనకబట్టాక. అప్పటిదాకా ఈవిడ బతకాలి కదా!

మామ్మ ఇదంతా పక్క గుడిసెలోంచి వింటూనే ఉంది. రోజూ వచ్చి మా ఆవిడ మొహం చూసి, తిన్నావా అని అడిగేది. అదేదో నేరం మోపినట్టు అడిగేది. జవాబు రాకపోతే గొణుక్కుంటూ వెళ్ళిపోయేది. ఎవరి మీద గొణుక్కునేదో నాకు తెలుసు. పైకప్పు కేసి చూస్తూ గొణిగేది.

ఒకరోజు పొద్దెక్కాక చిన్న మట్టికుండ పట్టుకుని వచ్చింది. చుట్ట చెవి మీద ఉంది. మా ఆవిడ గోడకి తిరిగి పడుకుని ఉంది. మామ్మ అరిటాకు పరిచి, అన్నం పెట్టి, కుండలోంచి కూర వేసింది. ఇల్లంతా మసాలా వాసన. మా ఆవిడ భుజం పట్టి ఇటు తిప్పి కూర్చోబెట్టింది.

"ఇది గువ్వ. పొద్దున నేనే ఉచ్చు వేసి పట్టాను. నువ్వు తెలియక కొట్టావు. నేను తెలిసే చంపాను, ఈకలు పీకాను, కారం పెట్టి వండాను. నీకు క్షమాపణ లేకపోతే నాకు అసలే లేదు. ఇద్దరం కలిసే పోదాం. అంత దూరం ఖాళీ కడుపుతో నడవలేం, తిను."

అని ముందు తను ఒక ముద్ద తిన్నది. ఎముక కటుక్కున కొరికింది. మా ఆవిడ ఆ నోటి కేసి అలాగే చూస్తోంది, పిడుగు పడుతుందేమో అన్నట్టు. ఏమీ పడలేదు. మామ్మ రెండో ముద్ద కలిపి మా ఆవిడ నోటి దగ్గర పెట్టింది. చాలాసేపు పెట్టే ఉంచింది, చెయ్యి దించలేదు. చివరికి మా ఆవిడ నోరు తెరిచింది. ఆ ముద్ద మింగి బావురుమంది. పిల్లాడు పోయాక అప్పటిదాకా ఏడవలేదు ఆవిడ. ఏడుస్తూ తింది, తింటూ ఏడ్చింది. ముక్కు చీదుకుని తినవే, కూర ఉప్పగా అయిపోతుంది అని మామ్మ కసిరింది. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఎవరికీ తెలియకుండా జరిగిపోయుంటే బాగుండేది. మామ్మే రేవులో బిందె తోముతూ అందరికీ చెప్పింది. నేను దొంగతనంగా చేసిన పనా దాచడానికి అన్నది. సాయంత్రానికి ఉపదేశిగారికి చేరింది. ఆయన నెత్తి బాదుకున్నాడు.

దొరగారు వచ్చారు. పడవ రేవులో కట్టారు. ఆరాధన అయ్యాక గుడిలోనే విచారణ పెట్టారు. మగవాళ్ళం ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద. దొరగారు మంచి మనిషి, మన మాట నెమ్మదిగా, పుస్తకంలో చదివినట్టు మాట్లాడేవాడు. ముందు మా ఆవిడ సంగతి ఎత్తుకున్నాడు. పక్షిని కొట్టడం ఆ పాపం కాదమ్మా అన్నాడు. ఆ మాట ఎప్పుడు పుట్టిందో వివరించాడు. ప్రభువు ఒక రోగిని బాగు చేస్తే, పెద్ద పెద్ద శాస్త్రులు అది కళ్ళారా చూసి కూడా, ఇది దయ్యాల అధిపతి చేసిన పని అన్నారు. మంచిని మంచి అని తెలిసీ దాన్ని సైతానుకి అంటగట్టే గుండె ఉంటుందే, ఆ గుండె క్షమాపణ అడగదు, అందుకని దానికి దొరకదు. నేను ఆ పాపం చేశానేమోనని భయపడి ఏడ్చేవాళ్ళు ఆ పాపం చెయ్యలేదు, చేసినవాళ్ళకి ఏడుపు రాదు అన్నాడు.

ఆ ముక్క మొదటే ఎవరైనా చెప్పుంటే నాకు ఒక గువ్వ మిగిలేది అని మామ్మ అందరికీ వినపడేలా అంది.

దొరగారికి కూడా నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. తర్వాత ఆవిడ వంతు. పక్షిని తినడం తప్పు కాదు గానీ, ఒక తోటి సోదరి దాన్ని ఆత్మ అనుకుంటోందని తెలిసీ కావాలనే చంపానని చెప్పి వండిపెట్టడం ఎగతాళి అవుతుంది, సంఘానికి అభ్యంతరం అవుతుంది, తప్పయింది అను, చాలు అన్నాడు. ఒక్క మాటే కదా. పేటంతా ఆవిడ కేసి చూస్తోంది. నేను కూడా, అనేస్తే పోతుంది అనుకున్నాను.

మామ్మ లేచి నిలబడింది. "తప్పయిందనడానికి నాకు నామోషీ లేదండి. బోల్డు తప్పులు చేశాను. ఒకళ్ళ చేలో పరిగ వెన్నులు ఏరుకున్నాను, కోడల్ని కొట్టాను, మిమ్మల్ని కూడా వెనకాల తిట్టాను. వాటన్నిటికీ ఇక్కడే చెబుతాను తప్పయిందని. ఈ ఒక్కదానికి చెప్పను. నేను చెప్పానంటే ఈ పిల్ల మళ్ళీ ఆకు పక్కకి తోసేస్తుందండి."

దొరగారు నచ్చజెప్పబోయాడు. ఉపదేశిగారికి ఓపిక నశించింది. ఇంత మొండితనం మనిషిది కాదండీ, ఆ రోజు ఆ కూర ఈవిడ చేత వండించిందీ తినిపించిందీ సైతానే అనేశాడు.

అప్పుడు మా ఆవిడ లేచింది. గుడిలో ఆడవాళ్ళు లేచి మాట్లాడటం మామ్మకి తప్ప ఎవరికీ అలవాటు లేదు.

"ఉపదేశిగారండీ, మా బాబు పోయాక నా నోట్లోకి దిగిన మొదటి ముద్ద అది. దాన్ని సైతాను పెట్టించిందనకండి. మంచిని కళ్ళారా చూసి సైతాను పనన్నవాళ్ళ గురించే కదండీ ఇప్పుడు దొరగారు చెప్పింది. మీరేమైపోతారోనని నాకు భయమేస్తోంది."

వెక్కిరించి అంటే ఆయన కోప్పడేవాడే. ఆవిడ నిజంగానే భయపడి అంది. ఆ భయమేంటో ఆవిడకి తెలుసు కదా, దాంట్లో పడి చావుదాకా వెళ్ళొచ్చింది. ఉపదేశిగారు చేతిలో బైబిలు మూసి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన మా ఇంటి ముందునుంచి వెళ్ళేటప్పుడు తల దించుకునే వెళ్ళేవాడు.

అయినా కట్టుబాటు కట్టుబాటే కదా. తప్పయిందనే మాట వచ్చేదాకా మామ్మకి ప్రభువు బల్ల లేదని పెద్దలు తీర్మానించారు. మరుసటిసారి బల్ల పెట్టినప్పుడు మా ఆవిడని రమ్మన్నారు. ఆవిడ మామ్మ పక్కన చాప మీదనుంచి లేవలేదు. మామ్మకి లేనిది నాకెందుకండీ అంది. బల్లని కాదనడం కూడా పాపమేనమ్మా అన్నాడు ఉపదేశిగారు. అదీ క్షమాపణ లేనిదేనాండీ అని అడిగింది. కాదు అన్నాడాయన. అయితే తర్వాత అడుగుతానులెండి అంది. ఇన్నాళ్ళూ పక్క గుడిసెలో ఉన్నందుకు ఆ నోరు వచ్చింది ఈవిడకి. నేనూ లేవలేదు. మిషను బడి కదా, ఉద్యోగం ఊడగొడతారనుకున్నాను. ఊడగొట్టలేదు, ఆ జీతానికి ఇంకెవడూ రాడు.

మళ్ళీ మాకు ఆడపిల్ల పుట్టాక మామ్మే మమ్మల్ని బల్ల దగ్గరికి తరిమింది. నాకోసం నువ్వు పస్తుంటావని కాదే నేను గువ్వని చంపింది అని మా ఆవిడ మీద కేకలేసింది. మేము వెళ్ళాం. ఆవిడ వెనక చాప మీద కూర్చుని, కళ్ళు తెరుచుకుని, పైకప్పుతో మాట్లాడుతూ ఉండేది. రొట్టె పంచుతున్నప్పుడు ఒక్కోసారి ఆ మొహం చూడలేకపోయేవాణ్ణి. ఆ రొట్టె మీద ఆశ లేక కాదు ఆవిడ దూరంగా ఉన్నది, చాలా ఆశ ఉండేది. అందరికంటే ముందొచ్చి బల్ల గుడ్డ ఉతికి ఆరేసేది ఆవిడే.

పోయిన నెల మంచాన పడింది. ఇప్పుడున్న పాదిరిగారు మనవాడే, కుర్రవాడు, మనసున్నవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో గిన్నె, రొట్టె పట్టుకుని వచ్చాడు. నోటితో అననక్కర్లేదు మామ్మా, తల ఊపు చాలు, ఆ మాట అన్నట్టే రాసుకుంటాను, ఇస్తాను అన్నాడు. చెమట తుడుచుకుంటూ పాపం బతిమాలాడు. అదైనా లేకుండా ఇవ్వడానికి ఆయనకి అధికారం లేదు.

మామ్మ మా ఆవిడ కేసి చూసింది. మా ఆవిడకి అర్థమైంది. మంచం మీదికి వంగి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఊపేయి మామ్మా. నేనింక అన్నం మాననులే," అంది.

మామ్మ పెదాలు కదిపింది. వినడానికి అందరం దగ్గరికి వంగాం.

"నువ్వు మానవు. ఇంకెవత్తో మానేస్తుంది."

తల అడ్డంగా ఊపింది. పాదిరిగారు గిన్నె మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటాక ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. పొద్దు వాలే వేళకి మామ్మ పోయింది.

మర్నాడు సమాధి చేసి వచ్చాం. ఈవిడ ఎక్కడికి పోయినట్టో అని గుసగుసలు అక్కడే మొదలయ్యాయి, మట్టి ఇంకా పూర్తిగా పొయ్యనేలేదు. మా ఆవిడ ఇంటికొచ్చి స్నానం చేసి, పొయ్యి వెలిగించి అన్నం వండింది. వీధి వైపు గుమ్మంలోనే ఆకు వేసుకుని కూర్చుంది. సమాధి దగ్గరే ఆగి ముచ్చట్లాడి వెళ్ళేవాళ్ళంతా మా వాకిటి ముందునుంచే వెళ్ళాలి. వాళ్ళు చూస్తూ వెళ్ళారు. ఆవిడ తలుపు వెయ్యలేదు, తల దించలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే, ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసింది.